కర్ర తుపాకీకి మనిషి కొలత

(సంఘం వార్షికోత్సవ సభలో యువతీ యువకులతో చేసిన ప్రసంగ పాఠం)

  

నేను హాస్టల్ వార్డెన్‌ని. పొద్దున లేస్తే బియ్యం కొలత, పప్పు కొలత, పిల్లలకు యూనిఫాం కొలత. చదివింది టీచర్ ట్రైనింగ్ కాబట్టి నల్లబల్ల లేకపోతే మాట సరిగా రాదు. అందుకే ఈ అట్టముక్క వెంట తెచ్చుకున్నాను. దీన్ని చివర్లో మీ చేతికిస్తాను. చరిత్ర గురించి మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. నేను తుపాకీ కర్ర గురించి మాట్లాడతాను. కంగారు పడకండి, పేలని తుపాకీయే.

మనం కూర్చున్న ఈ కొండల సంగతి మీకు తెలుసు. ఒకప్పుడు బంజారాలు తండాలు వేసుకుని ఉన్నారు కాబట్టే బంజారాహిల్స్ అయింది. ఆ పక్కన జూబ్లీహిల్స్, దాని వెనక ఫిల్మ్ నగర్. అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు ఈ రాళ్ల మీదే లేచాయి. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు సినిమా తీసింది పద్మాలయ వాళ్లే. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్‌లో కొమురం భీం పేరు ప్రపంచమంతా వినపడింది. అదే ఏడు సెప్టెంబర్ 17న బంజారాహిల్స్‌లో కొమురం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభమయ్యాయి. అంటే మన వీరుల కథలు తెరకెక్కే చోటికి మనం నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాం. మీలో కొందరు కృష్ణానగర్‌లో గది తీసుకుని, తెల్లవారుజామున జూనియర్ ఆర్టిస్టుల బస్సెక్కేవాళ్లు కూడా ఉన్నారు. ఈ మాటలు ముఖ్యంగా వాళ్ల కోసం.

మా హాస్టల్ పిల్లలు రాంజీ గోండు నాటకం వేస్తామన్నారు. 1857 తర్వాత నిర్మల్ ప్రాంతంలో గోండులు, రోహిల్లాలు కలిసి ఇంగ్లీషు వాళ్ల మీద, నిజాం సైన్యం మీద తిరగబడ్డారు. 1860 ఏప్రిల్‌లో రాంజీని, ఆయన వెంట ఉన్నవాళ్లను నిర్మల్‌లో ఉరి తీశారు. ఆ మర్రిని జనం వెయ్యి ఉరుల మర్రి అని చెప్పుకుంటారు. మా ఉట్నూరు వైపు ముసలివాళ్లకు ఆ పేరు చెబితే ఇప్పటికీ గొంతు మారుతుంది.

తొమ్మిదో తరగతి పిల్లలు ఆరుగురు తిరుగుబాటు దళం. కృష్ణానగర్‌లో ఒక ప్రాపర్టీ షాపు నుంచి తుపాకులు అద్దెకు తెచ్చాం. మొదటి రిహార్సల్లోనే అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, దాచను. ఆ తుపాకులు ఆరడుగుల హీరోల కోసం చేసినవి. పిల్లలు భుజానికి పెట్టుకుంటే మడమ చంక కిందికి జారుతోంది. మీట అందుకోవాలంటే మెడ సాగదీయాలి. ఒక పిల్ల ముఖమే కనిపించలేదు, తుపాకీ వెనక దాక్కున్నట్టుంది.

ఆ పిల్ల నవ్వలేదు. తుపాకీ కింద పెట్టి నన్ను అడిగింది. "మేడం, గిది మోసుడే గింత కష్టముంటే మనోళ్లు ఎట్ల కొట్లాడిండ్రు? వాళ్లు గూడ గిట్లనే కనవడ్డరా?"

ఆ ప్రశ్నకు జవాబు వెతకబోయి నేను కొలతల్లో పడ్డాను.

ముందు ఆ కాలం తుపాకీ ఏమిటో చెప్తాను. చెకుముకి అనగానే మీకు జన విజ్ఞాన వేదిక వాళ్ల పిల్లల సైన్స్ పత్రిక, టాలెంట్ టెస్టు గుర్తొస్తాయి. మా అవ్వకు మాత్రం చెకుముకి అంటే నడుముకు కట్టుకునే సంచిలో రాయి, ఉక్కుముక్క, కాస్త దూది. రాయిని ఉక్కుకు కొడితే నిప్పురవ్వ. చెకుముకి తుపాకీ పనిచేసేదీ అదే సూత్రం మీద. మీట నొక్కితే రాయి పట్టుకున్న కొక్కెం ముందుకు దూకి ఉక్కు రేకును గీస్తుంది. రవ్వలు పక్కనున్న చిన్న గిన్నెలో పడతాయి. మందు, గుండు గొట్టం మూతి నుంచి కడ్డీతో కూరాలి. మన వైపు భర్మార్ అంటారే, అది మూతి నుంచి కూరే తుపాకీయే.

ఇంగ్లీషు కంపెనీ సిపాయిల చేతిలో చాలాకాలం ఉన్నది చెకుముకి తుపాకీ. దానికి ఇండియా ప్యాటర్న్ అని పేరు. గొట్టం 39 అంగుళాలు. మొత్తం పొడవు దాదాపు 55 అంగుళాలు. బరువు నాలుగు కిలోలు దాటుతుంది. 1840ల నుంచి వాళ్ల సైన్యం చెకుముకిని వదిలి, చిన్న రాగి టోపీ పెట్టి కొట్టే పద్ధతికి మారింది. 1857లో గొడవ రేపిన ఎన్‌ఫీల్డ్ కూడా మూతి నుంచి కూరేదే, కానీ అందులో చెకుముకి లేదు. పాత తుపాకులు మాత్రం ఒక్కరోజులో మాయం కావు. ఊళ్లలో, అడవుల్లో, చిన్న జమీందార్ల దగ్గర ఇంకా చాలాకాలం ఉన్నాయి.

పక్కనే అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ బస్టాపులో బస్సు దిగుతారు కదా. అక్కడ 18వ శతాబ్దం చివర నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోయించాడు. తోప్ కా సాంచా అనేవాళ్లు. మూసారాంబాగ్ పేరు కూడా ఆయనదే, ముస్యే రేమండ్ జనం నోట్లో మూసా రామ్ అయ్యాడు. కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా పోయింది. అంటే ఇనుము కథ మనకు పరాయిది కాదు. కర్ర కథ చెప్పేవాళ్లే తక్కువ.

ఇప్పుడు ఆ పిల్ల దగ్గరకు వద్దాం. ఆమె ఎత్తు 58 అంగుళాలు. తుపాకీ 55 అంగుళాలు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే అక్కాచెల్లెళ్లలా ఉన్నారు. నవ్వు రాక ఏమొస్తుంది?

నాకు మా తాత గుర్తొచ్చాడు. జొన్న చేనులో మంచె మీద కాపలాకు ఆయన దగ్గర లైసెన్సున్న భర్మార్ ఉండేది. అది ఎవరో పొడుగు మనిషి వాడి వదిలేసింది. తాత పొట్టి. కొన్నాక మొదటి పని, మడమ నుంచి రెండు వేళ్ల మందం కోయించాడు. ఎందుకు తాతా, మంచి కర్ర పాడుచేశావంటే ఆయన మోచెయ్యి మడిచి చూపించాడు. మడమ మోచేతి లోపలి వంపులో ఆనాలి, చూపుడు వేలు మొదటి గీత మీటను తాకాలి. "నా చెయ్యి పెరగదు కదా బిడ్డా, కర్రే తగ్గాలె" అన్నాడు.

పుస్తకం చదవని మా తాత చెప్పింది తుపాకీ కర్ర పనిలో మొదటి కొలత. మీట ముందు అంచు నుంచి మడమ మధ్య దాకా ఎంత దూరం? పెద్దవాళ్లకు సాధారణంగా పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర అంగుళాలు వస్తుంది. మా పిల్లలకు మోచేతి లెక్కన 11 నుంచి పన్నెండున్నర మధ్య వచ్చింది. ఆ పిల్లకు పదకొండున్నర. అద్దె తుపాకీలో ఆ దూరం 14 అంగుళాలు. రెండున్నర అంగుళాలు ఎక్కువైతే మనిషి చిన్నగా, పిరికిగా కనపడతాడు. తేడా ధైర్యంలో లేదు, కర్రలో ఉంది. ఈ మాట ఆ రోజు పిల్లలకు చెప్పాను, ఇప్పుడు మీకూ చెప్తున్నాను.

అయితే మనమే చేసుకుందాం అనుకున్నాం. ఇక్కడే కథలో ఒక మలుపు ఉంది.

ఆ పిల్లకు అన్న ఉన్నాడు. పంతొమ్మిదేళ్లు. ఫిల్మ్ నగర్‌లో జూనియర్ ఆర్టిస్టు. మూడు సినిమాల్లో సిపాయి, రెండింటిలో దొంగ. చెల్లెలు ఫోన్ చేస్తే ఆదివారం హాస్టల్‌కి వచ్చాడు. ఆఫీసు గదిలో కూర్చుని ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. "కర్రది ఎందుకు మేడం, నేను అసలుదే చేస్త. పైపు ఒక్కటి దొరికితే చాలు. ఊరికి తీసుకపోతే పందులకు కూడా పనికొస్తది." ఆ గొంతులో చెడు లేదు. పని తెలిసినవాడి ఉత్సాహం ఉంది. అందుకే నాకు భయం వేసింది.

అతనికి చెప్పిందే మీకూ చెప్తాను, గట్టిగా వినండి. మన దేశంలో ఆయుధాల చట్టం 1959 నాటిది. లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడం నేరం. 2019 సవరణ తర్వాత ఆ నేరానికి శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. బొమ్మ తుపాకీని అసలు తుపాకీగా మార్చడం కూడా అనుమతి లేకుండా చేయకూడదు, చట్టంలో దానికి ప్రత్యేకంగా ఒక సెక్షనే ఉంది. అదే చట్టం పంట కాపలాకు మూతి నుంచి కూరే తుపాకీకి లైసెన్సు అడిగే దారి కూడా పెట్టింది. మా తాత ఆ దారినే వెళ్లాడు. ఎన్నికలొస్తే తుపాకీ పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి, చీటీ తెచ్చుకుని, మళ్లీ పోయి తెచ్చుకునేవాడు. కర్ణాటకలో కొడవలకు ఇంగ్లీషు వాళ్ల కాలం నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది. వాళ్లు కైల్‌పోళ్దు పండక్కి తుపాకులకు పూజ చేస్తారు. మనకు ఆ మినహాయింపు లేదు. అది న్యాయమా అన్యాయమా అని మాట్లాడుకుందాం, కానీ పంతొమ్మిదేళ్ల పిల్లాడు ఆ చర్చకు తన ఏడేళ్లు చెల్లించకూడదు.

చట్టం ఒక్కటే కాదు. మా పక్క గూడెంలో ఒకాయన ఇంట్లో చేసిన గొట్టం చేతిలోనే పగిలింది. మూడు వేళ్లు పోయాయి. నేను చిన్నపిల్లను. ఆయన అన్నం కలుపుకోవడం చూసి, ఆ రాత్రి మేం తినలేకపోయాం. ఇది విన్నాక ఆ అబ్బాయి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు. "మరి కర్రదాంట్లో నేర్చుకునేదేముంటది మేడం?"

చాలా ఉంది. అదే ఇప్పుడు చెప్తాను. మేం చేసింది గొట్టానికి బొక్క లేని, లోపల ఖాళీ లేని, నిండు కర్ర తుపాకీ. ఒక్క ఇనుప గొట్టం కూడా వాడలేదు. అయినా కొలతల క్రమం మాత్రం పాత పనివాళ్లదే.

మొదటి పాఠం. కర్ర ముట్టుకోకముందు కాగితం. పెద్ద బ్రౌన్ కాగితం నేల మీద పరిచి అసలు సైజులో గీయాలి. చిన్నది గీసి పెంచుకుందాంలే అంటే తప్పులూ పెరుగుతాయి. ముందు ఒక తిన్నని గీత, అది గొట్టం పై అంచు. మిగతా కొలతలన్నీ ఆ గీత నుంచే.

రెండో పాఠం. ఎక్కడ మొదలు పెట్టాలి? అందరికీ మడమ నుంచి మొదలు పెట్టాలనిపిస్తుంది. మా అబ్బాయీ అక్కడే మొదలుపెట్టాడు, తప్పింది. ఎందుకో చూడండి. గొట్టం వెనక చివర ఎక్కడ ఆగుతుందో, అక్కడ పక్కన నిప్పు లోపలికి పోయే చోటు ఉంటుంది. నిప్పు పడే గిన్నె సరిగ్గా దాని పక్కకు రావాలి. గిన్నె చోటు తేలితే చెకుముకి మర ఎక్కడ కూర్చుంటుందో తేలుతుంది. మర తేలితే దాన్ని కదిలించే మీట చోటు తేలుతుంది. మీట తేలాకే, అక్కడి నుంచి మనిషి చెయ్యి కొలిచి మడమ. గొట్టం, గిన్నె, మర, మీట, మనిషి. ఈ వరస తిప్పితే మరో, మీటో లేని చోట గుచ్చాల్సి వస్తుంది. బొమ్మలో పేలుడు లేకపోయినా, తెలిసినవాడు చూస్తే అబద్ధం వెంటనే తెలిసిపోతుంది. లెక్కల్లో స్టెప్పు వదిలేసి జవాబు రాసినట్టే.

మూడో పాఠం, మొత్తం పొడవు. పాత తుపాకీ లెక్క సుమారుగా ఇది: గొట్టం 39, గొట్టం చివర నుంచి మీటకు 2, మీట నుంచి మడమకు 14. మొత్తం 55. మా పిల్లకు మడమ పదకొండున్నర తీసుకుని గొట్టం 39 అలాగే ఉంచితే ముందు భాగం వేలాడుతుంది, ఎడమ చెయ్యి అందదు. అందుకని గొట్టం 33కి తగ్గించాం. 33, 2, పదకొండున్నర కలిపితే నలభై ఆరున్నర. ఎడమ చెయ్యి పట్టుకునే చోట బరువు సమానంగా తూగిందా లేదా అని తాడు కట్టి చూశాం. పొడవు తగ్గినా చూపుకు పొడుగు తుపాకీలాగే ఉంది. ఆరుగురు పిల్లలకు మూడు సైజులు చేశాం. మీట నుంచి మడమకు 11, పదకొండున్నర, పన్నెండున్నర.

నాలుగో పాఠం, వాలు. తుపాకీ కర్ర గొట్టం గీతతో తిన్నగా పోదు, మడమ వైపు కిందికి వాలుతుంది. ఎందుకు? మన కన్ను మన భుజం కన్నా పైన ఉంది కాబట్టి. భుజానికి ఆనించి, చెంప కర్ర మీద పెడితే, కన్ను గొట్టం గీతకు నేరుగా రావాలి. చెంప ఆనే చోట మేం ఒకటిన్నర అంగుళం, మడమ పై కొన దగ్గర రెండున్నర అంగుళాల వాలు పెట్టాం. మెడ పొడుగున్న పిల్లకు ఇంకాస్త. వాలు తక్కువైతే కన్ను పైకి పోతుంది, మెడ వంచి వెతుక్కోవాలి. ఎక్కువైతే కన్ను కర్ర వెనక దాక్కుంటుంది. అద్దె తుపాకీ దగ్గర ఆ పిల్ల ముఖం ఎందుకు కనపడలేదో ఇప్పుడు అర్థమైందా?

దీనికి పరీక్ష చాలా సులువు. కాగితం బొమ్మను అట్ట మీద అంటించి కత్తిరించండి. పిల్లను కళ్లు మూసుకోమనండి. అట్ట తుపాకీ భుజానికి ఎత్తి, హాయిగా అనిపించిన చోట ఆగమనండి. ఇప్పుడు కళ్లు తెరవమనండి. కన్ను గొట్టం గీత మీదే ఉంటే కొలత సరి. కన్ను ఎక్కడికో పోతే పిల్లను సరిచేయొద్దు, అట్టను సరిచేయండి. నేను ఇరవై ఏళ్లుగా పిల్లలను సరిగా నిలబడు, సరిగా కూర్చో అంటున్నాను. ఆ రోజు మొదటిసారి, నిలబడ్డ పిల్ల సరే, బెంచీ సంగతేంటి అనిపించింది.

అయిదో పాఠం, పక్క ఒంపు. మన ముఖం మధ్యలో ఉంది, భుజం పక్కన ఉంది. అందుకని కుడిచేతి వాళ్లకు మడమ కాస్త కుడికి, పావు అంగుళం మేర ఒంపుతారు. పై నుంచి చూసే బొమ్మ కూడా గీస్తేనే ఇది తెలుస్తుంది. మా ఆరుగురిలో ఒక పిల్ల ఎడమచేతి వాటం. చెకుముకి మర తుపాకీకి కుడి పక్కన ఉంటుంది. ఎడమ భుజానికి పెట్టుకుంటే రవ్వలు ముఖం పక్కనే. అప్పటి సైన్యాలు ఎడమచేతి వాళ్ల కోసం వేరే తుపాకులు చేయించలేదు, మనుషులనే కుడికి మార్చాయి. లక్ష మందికి ఒకే కొలత అయితే ఎవరో ఒకరు నొచ్చుకోక తప్పదు. అదే కాలంలో అమెరికాలో పెన్సిల్వేనియా వైపు, జర్మనీ నుంచి వలస వచ్చిన పనివాళ్లు వేటగాళ్లకు ఒక్కొక్కటిగా చేతితో తుపాకులు చేశారు. వాళ్లకు మేపుల్ కర్ర దొరికింది. కొనేవాడి చెయ్యి, మెడ చూసి చేసే వీలు ఆ పనిలో ఉంది. మా ఎడమచేతి పిల్లకు మేం కాగితం తిరగేసి, మర ఎడమ పక్కకు పెట్టాం. చరిత్ర పుస్తకం ప్రకారం అది అరుదు. ఆ పిల్ల లెక్కన అదే సరి.

ఆరో పాఠం నా తప్పుతో నేర్చుకున్నది. మీట వెనక, చెయ్యి పిడికిలి పట్టే చోట కర్ర సన్నబడుతుంది. మాకు పని నేర్పిన సెట్టు వడ్రంగి దాన్ని మెడ అన్నాడు. తుపాకీ విరిగితే అక్కడే విరుగుతుంది. ఆ చోట కర్ర నార ముందు నుంచి వెనక్కి, వాలుతో పాటే పోవాలి. నార అడ్డంగా తెగితే ఎంత మందం ఉన్నా లాభం లేదు. మేం సెట్టు విప్పాక మిగిలిన పైన్ చెక్క కొన్నాం, చవక. మర, చెకుముకి రాయి లాంటి చిన్న ముక్కలకు పొణికి కర్ర తెప్పించాం. నిర్మల్ బొమ్మలు చేసేది దాంతోనే. వెన్నలా చెక్కొచ్చు, బరువుండదు, కానీ మెడకు పనికిరాదు. అయిదు తుపాకులకు వడ్రంగి నార చూసి గీత గీశాడు. ఆరోదానికి పలక చాలలేదు. మిగిలిన ముక్కను అడ్డంగా పెడితే సరిపోతుంది. ఆయన వద్దన్నాడు. ఇంకో పలక ఎందుకు, దండగ అన్నది నేను.

నాటకం రోజు మూడో సీనులో ఆ తుపాకీ మెడ దగ్గర విరిగింది. మోకాళ్ల మీద పడే సన్నివేశం. అది ఆ పిల్ల చేతిలోదే, ప్రశ్న అడిగిన పిల్ల చేతిలోదే. విరిగిన రెండు ముక్కలూ గుండెకు హత్తుకుని ఆ పిల్ల మాట ఆపకుండా చెప్పింది. హాలు నిశ్శబ్దమైంది. భలే పెట్టారు మేడం ఆ సీను అని తర్వాత ఇద్దరు ముగ్గురు మెచ్చుకున్నారు. నేను తెర వెనక ఆమె అరచెయ్యి చూశాను. పేడు గుచ్చుకుని రక్తం. పలక డబ్బులు మిగుల్చుకున్నది నేను, రక్తం ఆమెది. పిల్లలకు కొనే ఏ వస్తువు దగ్గరైనా ఇప్పుడు నాకు ఆ అరచెయ్యి గుర్తొస్తుంది.

ఆ పిల్ల నన్ను ఏమీ అనలేదు. కట్టు కట్టించుకుంటూ ఒక్కటే అడిగింది. "మేడం, నేను చిన్నగ కనవడ్డనా?" లేదు బిడ్డా అన్నాను. అబద్ధం చెప్పలేదు. పదకొండున్నర అంగుళాల మడమతో, భుజానికి ఆనిన తుపాకీతో, ముఖం పూర్తిగా కనపడేలా నిలబడింది. మొదటి వరుసలో కూర్చున్న మా అవ్వ వయసు ఆమె ఒకరు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇందులో మీకేం పని అంటారా? మూడు పనులు చెప్తాను.

ఒకటి. సెట్టు మీదికి పోయేవాళ్లు జేబులో టేపు పెట్టుకోండి. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు మీ చేతికి తుపాకీ ఇస్తే, ఇది ఏ ఏడు కథ అని మర్యాదగా అడగండి. 1860 కథలో ఏ తుపాకీ, 1922 కథలో ఏ తుపాకీ అన్నది తెలుసుకోండి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి సీతారామరాజు దళం పట్టుకుపోయినవి పోలీసు తుపాకులు, చెకుముకివి కావు. తెలిసినవాణ్ణి గుంపులో నిలబెట్టరు, పిలిచి అడుగుతారు. ఆ పిల్ల అన్న ఇప్పుడూ జూనియర్ ఆర్టిస్టే, పెద్ద మార్పేం రాలేదు. కానీ బస్సు లేని రోజుల్లో ఆ వడ్రంగి దగ్గర చిత్రిక పడుతున్నాడు. ఆయుధాల చట్టంలో సెక్షను నంబర్లు నాకన్నా బాగా చెప్తాడు.

రెండు. బొమ్మ తుపాకీ అయినా వీధిలో చేత్తో పట్టుకుని తిరగొద్దు. గుడ్డ చుట్టి తీసుకుపోండి, నాటకం ఉందని ముందే స్టేషన్‌లో చెప్పండి. దూరం నుంచి చూసేవాడికి కర్రకూ ఇనుముకూ తేడా తెలియదు. మన పిల్లాడి చేతిలో ఉంటే అసలే తెలియదు. ఈ మాట కఠినంగా ఉందని తెలుసు, అయినా చెప్పక తప్పదు.

మూడు. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు కొలతలు రాసుకు రండి. తుపాకీ ఒక్కటే కాదు. విల్లు పొడవెంత, అది పట్టుకునే మనిషి ఎత్తెంత? డోలు అడ్డకొలత ఎంత? తుడుం ఎంత, పెప్రె ఎంత? ఏ కర్ర, నార ఎటు? చేసిన పెద్దాయన దాన్ని దేనితో కొలిచాడు, జానతోనా, మూరతోనా, మోచేతితోనా? రాసిపెట్టిన వాళ్లు మన ఇళ్లలో తక్కువ. ఆ పెద్దాయన పోతే కొలత ఆయనతోనే పోతుంది. మ్యూజియంలో వస్తువు మిగులుతుంది, అది ఎవరి చేతికి సరిపోయిందో మిగలదు.

ఇదిగో, మొదట్లో చెప్పిన అట్టముక్క. ఆ పిల్ల తుపాకీ కొలత ఇది. కింద ఆమె చేతిరాతలోనే ఉంది: ఎత్తు 58, మడమ పదకొండున్నర, నార పొడుగునా. మా హాస్టల్ స్టోర్ గదిలో బియ్యం లెక్కల పక్కన వేలాడుతూ ఉంటుంది. ఇవాళ్టికి తెచ్చాను. వరుసగా ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి ఇచ్చుకోండి. భుజానికి పెట్టుకుని, కళ్లు మూసి, తెరిచి చూడండి. మీకు సరిపోదు. సరిపోకూడదు కూడా. మీది మీరు గీసుకోండి.

రాం రాం.